వరుస కలవలేదు

కొల్లూరు దాటాక సర్వీసు రోడ్డు మీద దొరికింది.
తెల్లవారుజామున నాలుగింటికి
బాలనర్సయ్య ఫోన్ చేసేసరికి
ఇంకా వెచ్చగానే ఉందట.

బావురుపిల్లి. ఆడది.
చెవుల కొసన నల్లటి కుచ్చు,
తోక మీద చెరిగిపోతున్న పట్టీలు,
ఎడమ పక్కటెముకల దగ్గర
ఎవరిదో కారు, ఆగకుండా.

"నా చిన్నప్పుడు గీ బండల పొంటి మస్తుండేటియి మేడం.
ఎలుకలే తినేటియి.
మా కోళ్ళ జోలికి సుత రాకపోతుండె."
అబద్ధమే.
పోయినవాళ్ళ గురించి ఎవరైనా అలాగే చెబుతారు.

గొంతులో ఒక దూదిపుల్ల, వెనకవైపు ఒకటి.
రెండు గొట్టాలు, మూతల మీద తేదీ,
థర్మాకోల్ డబ్బాలో ఐసు.
ల్యాబు జీపు రిపేరులో ఉంది.
మెహదీపట్నం దగ్గర ట్రాఫిక్ ఆగినప్పుడు
ఆటో అతను నా ఒళ్ళోకి చూసి
"క్యా హై మేడం, మచ్ఛీ?" అన్నాడు.
అవునన్నాను.

మూడు వారాలకు తెర మీద అక్షరాలు దిగాయి.
నాలుగే అక్షరాలు.
యాభై ఆరు దిద్దుకున్న దాన్ని
నాలుగింటి దగ్గర తడబడ్డాను.
ఇప్పటిదాకా మనుషులు చదివిన వైరస్‌లన్నిటి పక్కనా పెట్టి
పోల్చి చూడమన్నాను యంత్రాన్ని.
రాత్రి పదకొండు.
ఏసీ నీళ్ళు బకెట్లోకి చుక్క చుక్కగా.
ఒక చివర కొంచెం, ఎక్కడిదో పునుగుపిల్లిలో దానితో పోలిక.
మిగతా పొడుగంతా ఒకటే జవాబు:
సరిపోలే వరుస లేదు.

మా నాయనమ్మ ఎవరు గడప తొక్కినా
మంచినీళ్ళకన్నా ముందు వరుస తేల్చేది.
మీ పెద్దమ్మ తోడికోడలు మాకు చెల్లెలి వరుస,
అంటే నువ్వు కొడుకువి, కూర్చో.
తేలకపోతే నిలబెట్టే మాట్లాడేది.
ఇదిగో, పన్నెండు వేల అక్షరాల పొడుగున
నా ముందు నిలబడి ఉంది ఒకటి.
కూర్చోమనడానికి
ఏమని పిలవాలో తెలీదు.

మర్నాడు అందరిదీ ఒకటే ప్రశ్న.
డైరెక్టర్ గారి పీఏ, క్యాంటీన్ పెంటమ్మ,
పప్పులో ఆవకాయ కలుపుకుంటూ మా ఆయన:
"మనకు అంటుతుందా?"
తెలీదన్నాను.
తెలీదంటే ఈ ఊళ్ళో ఎవరూ నమ్మరు,
దాస్తున్నావంటారు.

పిల్లిని మాత్రం అదేమీ చేసినట్టు లేదు.
ఊపిరితిత్తులు శుభ్రం. కాలేయం నున్నగా.
కడుపులో రెండు ఎలుకలు, ఒక మిడత,
బిస్కెట్ పాకెట్ ముక్క.
ఎన్ని తరాల కాపురమో,
గోడకు ఒక్క మేకు కొట్టని అద్దెమనిషిలా.
మరణకారణం అన్న గడిలో
టైరు అని రాయకూడదు.
బలమైన గాయం అని రాశాను.

పేరు పెట్టాలి.
మా సార్‌కు దొరికిన చోటు పేరు పెట్టడం ఇష్టం.
ఆ చోటునేమంటారని బాలనర్సయ్యను అడిగాను.
"పిల్లిగుండు అనేటోళ్ళం.
గా గుండు ఇప్పుడు లేదు మేడం,
పోయిన ఎండకాలం మందు పెట్టి పేల్చిండ్రు.
ఇప్పుడైతే ఫేజ్ టూ అంటున్నరు."

ఫేజ్ టూ వైరస్.
కాసేపు నవ్వొచ్చింది.

గుండు నీడన పిల్లి, పిల్లి లోపల ఇది.
గుండు ముందు పోయింది, తర్వాత పిల్లి.
అన్నిటికన్నా లోపలిది
అత్తాపూర్‌లో మైనస్ ఎనభైలో ఉంది,
మూడో అర, నీలం మూత.
మూత మీద నంబరు పక్కన
పెన్సిల్‌తో పిల్లిగుండు అని రాసుకున్నాను,
సార్ చూడలేదు.

కరెంటు పోయినప్పుడల్లా
జనరేటర్ అందుకునేదాకా అంకెలు లెక్కపెడతాను.
మొన్న పద్నాలుగు.
నిన్న ఇరవై రెండు దాకా వచ్చింది.